ఫారంలో 'ప్రైవేటు ఉద్యోగం' అని రాయించిన ఫైటర్‌కు

ప్రశ్న: నేను తెలుగు సినిమాల్లో ఫైటర్‌ని, డూప్‌గా కూడా చేస్తాను. వయసు 34. పని ఉన్న నెలలో 70 వేలు వస్తాయి, లేని నెలలో పదివేలు రావడమూ కష్టమే. భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. నిరుడు రోప్ షాట్‌లో (తాడుకు వేలాడుతూ చేసే ఫైటు) భుజం జారింది. ఆస్పత్రి ఖర్చు ప్రొడక్షన్ వాళ్లే పెట్టుకున్నారు. 70 రోజులు ఇంట్లో ఉన్నాను. ఆ తర్వాత మూడు నెలలు ఏ ఫైట్ మాస్టరూ రోప్‌కు పిలవలేదు. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు చీటీ డబ్బు, పాత బాకీలు కలిపి 4 లక్షలు వస్తున్నాయి. అవి అడ్వాన్సుగా ఇచ్చి, ఇంకో 8 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి షాద్‌నగర్ వైపు ప్లాటు కొనొచ్చా? సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) కూడా మొదలుపెట్టాలా? నా హెల్త్ పాలసీ ఫారం ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీరు అడిగింది ప్లాటు గురించి. నేను మాత్రం ఆ ఫొటో దగ్గరే ఆగిపోయాను. వృత్తి గడిలో నీలం ఇంకుతో 'ప్రైవేటు ఉద్యోగం' అని ఉంది. ప్రమాదకరమైన పనులు చేస్తారా అన్నచోట 'లేదు' అని ఉంది. కింద మీ సంతకం. క్రేన్‌కు కట్టిన తాడు మీద గాల్లో తిరిగే మనిషి సంతకం అది! ఏజెంటు నింపాడంటే రేపు ఎవరూ వినరు. ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరనో డ్రైవర్లు, కరెంటు పనివాళ్లు కూడా ఇలాగే రాయిస్తున్నారు. మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు ఇస్తున్నది అందుకే.

వెంటనే బీమా కంపెనీకి మెయిల్ పెట్టండి. 'నేను సినిమా ఫైటర్‌ని, షూటింగ్‌లో దెబ్బ తగిలితే క్లెయిమ్ ఇస్తారా?' అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వృత్తిగా ప్రమాదకర క్రీడలు, సాహసాలు చేసేవారికి వాటివల్ల అయిన గాయాలను హెల్త్ పాలసీల్లో మినహాయించే షరతు ఉంటుంది. మీ పనిని అందులో కలిపేస్తారో లేదో ఇప్పుడే తేలాలి, స్ట్రెచర్ మీద కాదు. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా, తీసుకున్నా 'ఫైటర్' అనే రాయండి. మొదటి మూడేళ్లలో క్లెయిమ్ వస్తే కంపెనీ మీ ఫారం మొత్తం తవ్వుతుంది.

అయితే నిరుడు మిమ్మల్ని ముంచింది ఆస్పత్రి బిల్లు కాదు, దాన్ని ఎవరో కట్టారు. ముంచింది ఇంట్లో కూర్చున్న ఐదు నెలలు. అందుకే మీకు ముఖ్యంగా కావాల్సింది వ్యక్తిగత ప్రమాద బీమా. అదీ తాత్కాలికంగా పని చేయలేనప్పుడు వారానికి ఇంత అని చెల్లించే క్లాజు ఉన్నది. మీ వృత్తికి ప్రీమియం ఎక్కువే అడుగుతారు, ఇవ్వండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకు వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ఉంచుకోండి. కానీ అది మరణానికి, శాశ్వత వైకల్యానికే. భుజం జారితే పైసా రాదు.

దెబ్బ తగలకపోయినా మీ పని ఆగుతుంది. 2020లో కరోనా, 2022 ఆగస్టులో నిర్మాతలు ఆపిన షూటింగులు, 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మె. ఆ రోజుల్లో సినిమా వాళ్లు ఉండే కృష్ణానగర్‌లో ఇంటి ఓనర్లు అద్దె అడగడం మానేశారా? నెల జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. మీకు ఏడాది ఖర్చు కావాలి, అంటే దాదాపు 3 లక్షల 85 వేలు.

వచ్చే 4 లక్షల్లో ముందు ఆ 2 లక్షల అప్పు తీర్చేయండి. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే పోతున్నాయి. మిగిలిన 2 లక్షలు యాభై వేల చొప్పున నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి. అవసరం వస్తే ఒకటే విరుస్తారు. ఆరు నెలలకు సరిపోతుంది. 70 వేలు వచ్చిన ప్రతి నెలా ఇల్లు గడిచాక మిగిలినదంతా అక్కడికే వెళ్లాలి, అది ఏడాది ఖర్చు అయ్యేదాకా.

ప్లాటు సంగతి. 8 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 16 వేలు, అసలు కాకుండా. పదివేలు కూడా రాని నెలలో అది ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ మూడు రూపాయల వాడి దగ్గరికే కదా! భుజం పూర్తిగా కుదిరిందో లేదో తెలియకుండా, వడ్డీ కట్టాలి కాబట్టి వచ్చిన ప్రతి రోప్ షాట్‌కూ ఊ అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సిప్ ఇప్పుడొద్దు, ఆ డిపాజిట్లు నిండాక చూద్దాం. ప్లాటు వాళ్లకు ఇప్పటికే టోకెన్ ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి.