ముందు రబ్బరు, తర్వాతే టర్బో

అమ్మడూ,

కారు ఫొటోలు చూశాను. ఎర్ర రంగు, లైట్లు పైకి లేచే రకం, 1990 నాటి మజ్దా ఎంఎక్స్-5, పైకప్పు మడిచే రెండు సీట్ల చిన్న కారు. మంచి బండే పట్టావు. కింద నువ్వు పెట్టిన లిస్టు కూడా చదివాను, ఇంజన్‌లోకి గాలి ఎక్కించి శక్తి పెంచే టర్బో, బండిని కిందికి దించే స్ప్రింగులు, పెద్ద చక్రాలు, చప్పుడు చేసే సైలెన్సర్. నవ్వొచ్చింది, ఎందుకంటే ఇదే మోడల్ కొన్న కొత్తలో నేనూ అచ్చం ఇలాంటి లిస్టే రాసుకున్నాను, ఆ కారుకు నిజంగా కావలసింది అందులో ఒక్కటీ లేదు.

"తక్కువ తిరిగిన బండి మావయ్యా" అని మురిసిపోతున్నావు కదా, దాని సంగతి విను. ఇంజన్ లోపలి ఇనుము కిలోమీటర్లను బట్టి అరుగుతుంది, రబ్బరు మాత్రం ఏళ్లను బట్టి ఎండిపోతుంది. షెడ్డులో కవరు కప్పి పెట్టినా సరే, కూలెంట్ గొట్టాలు, పెట్రోల్ పైపులు, బ్రేక్ హోస్‌లు, చక్రాలను పట్టుకునే ఇనుప చేతుల కీళ్లలో ఉండే సస్పెన్షన్ బుష్‌లు, ఆయిల్ సీళ్లు, టైర్లు అన్నీ ముసలివైపోతాయి. బండి వదులుగా ఉంది, మలుపులో తేలిపోతోంది, స్టీరింగ్‌కి ప్రాణం లేదు అని నువ్వు రాసినవన్నీ నా లెక్కలో రబ్బరు గోలలే. వాటిని కొత్తవి చేస్తే చాలామటుకు అప్‌గ్రేడ్ అయిపోయినట్టే.

టైర్లతో మొదలుపెట్టు. పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి, 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని. గాడి ఎంత లోతుందో చూసి సంతోషపడకు, ఆ తేదీ చూడు. పదేళ్లు దాటితే మారుమాట లేకుండా పీకెయ్. వాన రోడ్డు మీద గట్టిపడిన టైరు ఎలా జారుతుందో నాకు బాగా తెలుసు, ఆ కథ ఎదురుపడ్డప్పుడు చెప్తాను, మీ అమ్మకి మాత్రం చెప్పకు.

కారు కింద దూరే ముందు జాకీ గురించి ఒక మాట, దీని మీద వాదన వద్దు. జాకీ బండిని లేపడానికే, మోయడానికి కాదు. గట్టి చదును నేల మీద, లేవని చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు అడ్డం పెట్టి, లేపాక స్టాండ్ల మీదకి దించి, రెండు చేతులతో బండిని గట్టిగా ఊపి చూడు. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టు, ఏదన్నా జారినా ఆ చక్రం ఆపుతుంది. కింద దూరుతున్నానని ఇంట్లో ఎవరికైనా చెప్పి దూరు. స్ప్రింగులు విప్పే పని మాత్రం మొదటిసారి ఒక్కదానివే చేయొద్దు, నొక్కిపెట్టిన స్ప్రింగు చేజారితే ఎముకలు విరుగుతాయి.

బుష్‌ల దగ్గర నేను చేసిన వెధవ పని చెప్తాను. రెండు వారాంతాలు తుప్పు వదిలించే నూనె పోసి, సుత్తితో కొట్టి, వేళ్లు చెక్కుకుపోయి, నాలుగు మూలలా పాత బుష్‌లు తీసి కొత్తవి నొక్కించి, బండి స్టాండ్ల మీద ఉండగానే బోల్టులన్నీ బిగించేశాను. గర్వంగా ఉండింది. ఏడాది తిరక్కుండా సగం బుష్‌లు చిరిగాయి. తప్పు ఎవరిదో కాదు, నాదే. బుష్ అంటే బయట ఇనుప తొడుగు, లోపల ఇనుప గొట్టం, ఆ రెంటినీ పట్టుకున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టేస్తుంది, అక్కణ్ణించి సస్పెన్షన్ చేయి ఆడినప్పుడల్లా మెలిపడేది రబ్బరే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడిపోయి, రోజంతా నిలిపి ఉంచినా ఆ మెలిక అలాగే ఉండిపోతుంది. అందుకని బోల్టులు చేతి బిగువు వరకే పెట్టి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండి బరువు వాటి మీదకి దించి, ముందుకీ వెనక్కీ కాస్త దొర్లించి, అప్పుడు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగువు పడుతోందో లెక్క చూపే పానాతో, మాన్యువల్ చెప్పిన లెక్కకు బిగించు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

టార్క్ రెంచ్ అన్నాను కాబట్టి, అది లేకపోతే అప్పుచేసైనా కొనుక్కో. నీ బండికి అది మరీ ముఖ్యం. తొలి ఏళ్ల 1.6 లీటర్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, దాని ముందు ముక్కు పొట్టిగా ఉంటుంది. దాని బోల్టు సరిగ్గా బిగించకపోతే బెల్టు తిరిగే పుల్లీ లోలోపల ఊగి ఊగి, దాన్ని జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క (కీ) కూర్చునే గాడిని తినేస్తుంది, టైమింగ్ తప్పుతుంది, చివరికి క్రాంకే మార్చాలి. లైటు పట్టుకుని కింది పుల్లీని ముందు నుంచి చూడు. నాలుగు గాడులు కనిపిస్తే పొట్టి ముక్కు, ఎనిమిది కనిపిస్తే తర్వాత వచ్చిన పొడుగు ముక్కు. నాలుగైతే భయపడక్కర్లేదు, చాలా బళ్లు అలాగే హాయిగా తిరుగుతున్నాయి, కానీ క్రాంకుకీ వాల్వులకీ లయ కలిపే టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు ఆ బోల్టు దగ్గర తొందరపడకు.

బెల్ట్ ఎప్పుడు మార్చారో అమ్మినాయనకి తెలియదన్నావు. తెలియదంటే మార్చలేదనే అర్థం. లక్ష కిలోమీటర్లు నిండకముందే మార్చాల్సిన వస్తువది, ఈ ఇంజన్లో తెగినా వాల్వులు పిస్టన్లకి కొట్టుకోవు, అది అదృష్టం, చాలా కార్లలో తెగితే ఇంజన్ పోయినట్టే. ఎలాగూ అంత దూరం విప్పుతావు కాబట్టి వాటర్ పంప్, ముందరి ఆయిల్ సీళ్లు, గొట్టాలు కూడా అప్పుడే మార్చెయ్.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 వరకూ పడిపోవచ్చు. కొండ దిగేటప్పుడు బ్రేకులు కాగి ఆ ఆయిల్ మరిగితే పెడల్ నేలకి అంటుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి "తొక్కు, పట్టుకో" అని, నువ్వు చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్ తెరిచి మూశాకే "వదులు" అనాలి, తిరగేస్తే గాలి లోపలికి పీలుస్తుంది. పైన డబ్బా ఖాళీ కాకుండా చూసుకో. ఒక్క చుక్క కారు రంగు మీద పడినా వెంటనే నీళ్లతో కడిగెయ్, లేకపోతే పెయింటు ఊడొస్తుంది. ఐదో నంబరు డాట్ ఆయిల్ సిలికాన్‌ది, దీంతో కలపొద్దు.

తుప్పు సంగతి. గుడ్డ టాపు వెనక చివర్లలో వాన నీళ్లు పోయే దారులు రెండుంటాయి. ఆకులూ దుమ్మూ చేరి అవి మూసుకుపోతే నీళ్లు తలుపుల కింది పెట్టె భాగంలోకి దిగి లోపల్నించి కొరికేస్తాయి, బయటికి పొక్కులా కనిపించేసరికి లోపల ఏమీ మిగలదు. ఒక చెంబుడు నీళ్లు పోసి కారు కింద చూడు. కారకపోతే మెత్తటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా దారి చెయ్యి, ఇనుప కడ్డీతో పొడిస్తే గొట్టం చిరుగుతుంది.

కరెంటు గోలల్లో సగం ఎర్త్ వైర్ల దగ్గరే ఉంటాయి. మినుకుమినుకుమనే లైట్లకి ఎల్‌ఈడీ బల్బులు కొందామనుకుంటున్నావు, వద్దు, పాత బల్బుల కోసం చేసిన అద్దంలో అవి వెలుతుర్ని ఎటుపడితే అటు చిమ్మి ఎదుటివాడి కళ్లు కొడతాయి. ముందు ఎర్త్ బోల్టులు విప్పి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించు, ఆ పాత బల్బే ఎంత వెలుగుతుందో చూద్దువు.

ఇవన్నీ అయ్యాకే నీ లిస్టు తియ్. అప్పుడూ ముందు మంచి టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు, ఆ తర్వాత షాక్ అబ్సార్బర్లు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చి కొన్నాళ్లు నడుపు, నాలుగు ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో నీకే తెలియదు. తీసిన ఒరిజినల్ సామాను ఒక్కటి కూడా పారెయ్యకు. టర్బో అంటావా, దాని వెంట రేడియేటర్, క్లచ్, ఇంధనం లెక్క అన్నీ మారాలి. పైగా టన్ను బరువు కూడా లేని బండి అది, ఉన్న శక్తి మొత్తం వాడేసుకుంటూ నడపడంలోనే దాని సరదా. ఇది నా పిచ్చి అనుకో, నువ్వు వేరేలా అనుకుంటే కాదనను, ఏడాది ఆగి చెప్పు చాలు.

ముందు ఆ పుల్లీకి నాలుగు గాడులా ఎనిమిదా చూసి ఫొటో పంపు. బండి లేపక్కర్లేదు, బానెట్ ఎత్తి వంగి చూస్తే కనిపిస్తుంది.

నీ మావయ్య