పట్టిక కింద ‘సౌజన్యం’ అనవచ్చా?

సందేహం: నా పరిశోధన వ్యాసంలో జనగణన పట్టిక ఒకటి వాడుకుని, కింద ‘సౌజన్యం’ అని రాశాను. మా గైడ్ కొట్టేసి ‘పునఃముద్రణ’ అని పెట్టారు. స్నేహితులేమో ‘అనుసరణ’ అంటున్నారు. ఏది సరి? – పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

సమాధానం: గైడ్‌గారు కొట్టేయడం సబబే, పెట్టిన మాటే కుదరలేదు. సౌజన్యం అంటే సుజనుడి గుణం, మంచితనం. పేపర్లో ఫొటో కింద ఆ మాట ఉంటే, అడగ్గా ఇచ్చారని అర్థం. అచ్చులో ఉన్న జనగణన అంకెలను మీరు ఎవర్నీ అడగకుండానే తీసుకున్నారు కదా!

పునర్ముద్రణ (విసర్గ రేఫ అవుతుంది, పునర్జన్మలో లాగే) పుస్తకం మళ్లీ అచ్చయితే వాడే మాట. పట్టిక కింద చూస్తే ‘రీప్రింటెడ్’కు నిఘంటువులో వెతికి పెట్టినట్టుంది. ఉన్నదున్నట్టు ఎక్కించినప్పుడు ‘భారత జనగణన 2011 నుంచి యథాతథంగా’ అంటే చాలు. థీసిస్‌లు టైపు చేసే షాపుల్లో అది ‘యధాతధం’ అయిపోతుంటుంది, ప్రూఫులో చూసుకోండి.

కానీ మీరు పంపిన పట్టిక యథాతథం కాదు. జనగణన పట్టికలోని 22 షెడ్యూల్డ్ భాషల్లో నాలుగే ఉంచారు. తెలుగు మాతృభాషగా ఉన్నవారి సంఖ్య 8,11,27,740ని 8.11 కోట్లు చేశారు. (2001లో మూడో స్థానంలో ఉన్న మనం మరాఠీ వెనక నాలుగుకు జారిన పట్టిక అది. చూస్తే నాకూ మనసు చివుక్కుమంది.) ఇంగ్లీషు పరిశోధన వ్యాసాల్లో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతివాళ్లు ఇలాంటిదానికి ‘అడాప్టెడ్ ఫ్రమ్’ అంటారు. దాన్ని ‘అనుసరణ’ చేస్తే నాటకమో సినిమానో గుర్తొస్తుంది. పోనీ ‘జనగణనను అనుసరించి’ అంటే, చదివేవాడికి ‘జనగణన ప్రకారం’ అనే తోస్తుంది, మీరు చెయ్యి పెట్టిన సంగతి తెలియదు. ‘భారత జనగణన 2011 నుంచి, మార్పులతో’ అని రాసి, ఏం మార్చారో ఒక ముక్క చేర్చండి: ‘నాలుగు భాషలే, అంకెలు కోట్లలో’.

అవే అంకెలతో మీరే గ్రాఫ్ గీస్తే బొమ్మ మీది, అంకెలు వాళ్లవి. అక్కడ ‘ఆధారం’ సరిపోతుంది.

ఇంకొకరి పుస్తకంలోని మ్యాపును వాడుకుంటే మాత్రం పేరు చెప్పినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. వ్యాసం అచ్చుకు పంపేముందే హక్కుదారుకు రాసి అడగండి. ఇచ్చారా, ‘అనుమతితో’ అని చేర్చండి. ‘సౌజన్యం’ మీద అంత ముచ్చటగా ఉంటే అక్కడ వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు.