పాఠకుల ప్రశ్నలు: శిఖరాగ్ర సదస్సుకు ముందు ఏం జరుగుతుంది?

ప్రశ్న: 2025 జులైలో మన విశాఖలో బిమ్‌స్టెక్ (బంగాళాఖాత ప్రాంతంలోని భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంక, మయన్మార్, థాయ్‌లాండ్‌ల కూటమి) దేశాల ఓడరేవుల సదస్సు జరిగింది. అంతకు మూడు నెలల ముందు బ్యాంకాక్ శిఖరాగ్ర సదస్సు సందర్భంగా సముద్ర రవాణా ఒప్పందం కుదిరిందని చదివాను. ఈ ఏడు దేశాలూ మిత్ర దేశాలే కదా, ఒక్క ఒప్పందానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? నాయకులు ఎదురెదురుగా కూర్చుంటే ఒక పూటలో తేలిపోయేది కాదా?
– ఒక పాఠకుడు, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: నాయకులు కూర్చునే పూటకు తేల్చవలసినదేమీ మిగలకుండా చూడడమే దౌత్యాధికారుల పని. బ్యాంకాక్‌లో 2025 ఏప్రిల్ 2న సీనియర్ అధికారులు, 3న విదేశాంగ మంత్రులు, 4న ప్రభుత్వాధినేతలు సమావేశమయ్యారు. మీరు ప్రస్తావించిన ఒప్పందంపై సంతకాలు జరిగింది 3వ తేదీన, మంత్రుల స్థాయిలో. అంటే మర్నాడు నాయకులు వచ్చేసరికే ఆ పని పూర్తయింది.

అసలు శ్రమ అంతకు ఎంతో ముందు, ముసాయిదా దగ్గర పడుతుంది. ఏ దేశానికైనా అభ్యంతరమున్న మాటను ముసాయిదాలో చదరపు కుండలీకరణాల్లో పెట్టి వదిలేస్తారు. ‘అనుమతించాలి’ అని ఒకరు రాస్తే, ‘అనుమతించే విషయాన్ని పరిశీలించాలి’ అని మార్చమని మరొకరు కోరతారు. మొదటిది బాధ్యత, రెండోది ఆశాభావం మాత్రమే. అందుకే ఆ ఒక్క పదం కోసం అధికారులు తమ రాజధానులకు రాసి, ఓడరేవుల శాఖనూ, కస్టమ్స్‌నూ, న్యాయశాఖనూ అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతారు. 2022 మార్చి 30న కొలంబో సదస్సులో సంతకాలై, 2024 మే 20న అమల్లోకి వచ్చిన బిమ్‌స్టెక్ చార్టర్ (కూటమి నియమావళి) ప్రకారం నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరగాలి కనుక, ఒక్క దేశం ఒప్పుకోకపోయినా ఆ కుండలీకరణాలు తొలగవు.

స్నేహం ఉన్నంత మాత్రాన అవసరాలు ఒకటి కావు. నేపాల్, భూటాన్‌లకు సముద్రతీరమే లేదు. నేపాల్ సరుకు మన విశాఖ రేవు మీదుగా వెళ్ళే ఏర్పాటు 2016లో ఆ దేశ ప్రధాని ఓలి ఢిల్లీ వచ్చినప్పుడు కుదిరింది. శ్రీలంకకు కొలంబో రేవు వ్యాపారం ప్రాణప్రదం. ఇలాంటి దేశాలన్నీ ఓడల గురించి ఒకే వాక్యానికి ఒప్పుకోవడానికి వ్యవధి పట్టడం సహజమే.

ముందు జరగవలసిన పని పూర్తికాకుండా సదస్సుకు వెళితే ఏమవుతుందో 2014 నవంబరులో మరో కూటమి, దక్షిణాసియా దేశాల సార్క్, కాఠ్మండూలో జరుపుకున్న సదస్సు చూపింది. మోటారు వాహనాల ఒప్పందం, రైల్వే ఒప్పందం బల్ల మీద ఉండగానే, తమ అంతర్గత ప్రక్రియ పూర్తికాలేదని పాకిస్తాన్ చెప్పడంతో రెండూ ఆగిపోయి, చివరి రోజున విద్యుత్ సహకార ఒప్పందం ఒక్కటే దక్కింది.

అయితే బిమ్‌స్టెక్ ఆలస్యమంతా సహజమేనని నేను అనలేను. 1997లో పుట్టిన ఈ కూటమి తొలి శిఖరాగ్ర సదస్సును 2004లో గాని జరుపుకోలేదు. బ్యాంకాక్‌లో జరిగినది ఆరవది మాత్రమే. సదస్సు తేదీ దగ్గరపడితేనే అధికారులు పట్టువిడుపులకు సిద్ధమవుతారు, తేదీ లేకపోతే ఫైలు కదలదు. తీరప్రాంత నౌకాయాన ఒప్పందాన్నీ, మోటారు వాహనాల ఒప్పందాన్నీ త్వరగా ముగించాలని 2018 కాఠ్మండూ ప్రకటనలోనే రాసుకున్నారు. ఆరవ సదస్సు 2024 సెప్టెంబరులో జరగవలసి ఉండగా, ఆగస్టులో థాయ్‌లాండ్ ప్రధాని స్రెత్తా థవిసిన్‌ను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పదవి నుంచి తొలగించడంతో వాయిదా పడింది, దానితో పాటే సంతకాలూ వెనక్కి వెళ్ళాయి. ఒక దేశపు అంతర్గత రాజకీయం ఏడు దేశాల పనిని నెలల తరబడి ఆపగలగడం ఈ కూటమి పనితీరులోని పెద్ద లోపమని నా అభిప్రాయం. రెండేళ్ళకొకసారి సదస్సు అన్న నియమాన్ని ఖచ్చితంగా పాటిస్తే ముసాయిదాలు ఇంతకాలం నిద్రపోవు.

ప్రశ్న: సంతకాలు అయ్యాయి కదా, ఇక మన రేవుకు ఓడల రాక పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వెంటనే పెరగదు. సభ్యదేశాల ఓడలకు, సిబ్బందికి, సరుకుకు స్వదేశీ ఓడలతో సమానమైన మర్యాద, ధ్రువపత్రాలకు పరస్పర గుర్తింపు, ఒక ఉమ్మడి నౌకాయాన సమన్వయ సంఘం, వివాదాల పరిష్కార ఏర్పాటు ఈ ఒప్పందంలో ఉన్నాయి. వీటికి ప్రతి ప్రభుత్వమూ తన చట్టపరమైన ఆమోదం ఇవ్వాలి, ఆ తరువాత సమన్వయ సంఘం నియమాలు తయారు చేయాలి. 2019 నవంబరులో విశాఖలోనే జరిగిన తొలి ఓడరేవుల సదస్సులో చెన్నై, విశాఖ, కోల్‌కతా రేవులకూ థాయ్‌లాండ్‌లోని రనోంగ్ రేవుకూ మధ్య అవగాహన ఒప్పందాలు కుదిరాయి. అలాంటి పత్రాలు సరుకుగా మారాలంటే రెండు వైపులా ఓడ నిండేంత గిరాకీ కూడా ఉండాలి, అది దౌత్యాధికారులు సృష్టించగలిగేది కాదు. కూటమి అధ్యక్ష బాధ్యత బ్యాంకాక్‌లో బంగ్లాదేశ్‌కు బదిలీ అయింది. ఇకమీదట పత్రికల్లో నాయకుల ఫొటోల కన్నా సీనియర్ అధికారుల సమావేశాల వార్తలను, అందులోనూ ఆ సమన్వయ సంఘం ఊసు వచ్చే వాక్యాలను, జాగ్రత్తగా చదవమని మిమ్మల్ని కోరుతున్నాను.