చిన్నా, బిడ్ పుస్తకం చూసి మురిసిపోకు

చిన్నా,

అమెరికా కాలేజీ ఐస్ హాకీ ఫైనల్స్ ఏ ఊళ్లో పెట్టాలో తేల్చే కమిటీకి సాయంగా నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని మన ఇంట్లోంచి నువ్వు ఫ్రోజెన్ ఫోర్ దాకా, అంటే చివరి నాలుగు జట్లు ఆడే ఆ పోటీ దాకా వెళ్లావంటే గర్వంగానే ఉంది, కాదనను. కానీ టెన్షన్ కూడా పట్టుకుంది. ఇన్నేళ్లు టోర్నమెంట్లకు హోటల్ గదులు చూసే ఉద్యోగం చేసినదాన్ని. ఆటలు మా ఊళ్లో పెట్టండి అని ఊళ్లవాళ్లు పంపే బిడ్ పుస్తకం అంటే పెళ్లి సంబంధానికి పంపే ఫొటోనే, అందులో బాగోని ఊరంటూ ఉండదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. అరీనా తేదీలు కాగితం మీద రాయించుకో. ఎన్‌హెచ్‌ఎల్ (ప్రొఫెషనల్ హాకీ లీగ్) జట్టు ఆడే హాలైతే ఏప్రిల్ మొదట్లో వాళ్ల సీజన్ ఇంకా నడుస్తుంటుంది. గురువారం రెండు సెమీఫైనల్స్, శనివారం ఫైనల్. మధ్యలో శుక్రవారం హాలు ఇంకెవరికో ఇస్తామంటే ఒప్పుకోకు.

నా భయమల్లా ఖాళీ కుర్చీలు. చాలా ఏళ్ల కిందట మాకు దగ్గర్లో ఒక నగరంలో రీజినల్ పెట్టారు. పదహారు జట్లు నాలుగు చోట్ల ఆడి, ఒక్కో చోటి నుంచి ఒక్క జట్టు ఫ్రోజెన్ ఫోర్‌కి వెళ్తుంది కదా, అందులో ఒకటి. ఆతిథ్యం ఇచ్చే కాలేజీ అర్హత సాధిస్తే తన రీజినల్‌లోనే ఆడుతుంది. ఆ పెద్దమనుషులు ఈ ఒక్క నిబంధన పట్టుకుని, మన జట్టు ఎలాగూ వస్తుంది, మన జనంతో హాలు ఎలాగూ నిండుతుంది అని లెక్కలన్నీ దాని మీదే వేసుకున్నారు. తీరా ఆ కాలేజీ సీజన్ చివర్లో వరసగా ఓడిపోయి ఇంట్లో కూర్చుంది. వచ్చిన నాలుగు జట్లూ ఎక్కడెక్కడివో. ఎవరు ఎక్కడ ఆడతారో తెలిసేది ఆదివారం, ఆట ఆ వారాంతమే, ఇక విమానం టికెట్లు కొనేసరికి ఆటగాళ్ల అమ్మానాన్నలకే చుక్కలు కనిపించాయి.

నేను చూడ్డానికి వెళ్లాను. పై వరసలన్నిటికీ నల్లగుడ్డ కప్పేశారు. గోల్‌కీపర్ తనవాళ్ల మీద అరిచిన అరుపు నేను కూర్చున్న చోటికి పొల్లుపోకుండా వినిపించింది. నా ముందు కొడుకు నంబరున్న జెర్సీ వేసుకున్న ఒకావిడ, గోల్ పడగానే లేచి చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి, తనొక్కతే నిలబడి ఉందని తెలిసి గబుక్కున కూర్చుండిపోయింది. ఎంత నష్టం వచ్చిందో నాకు గుర్తులేదు గానీ ఆవిడ కూర్చున్న తీరు గుర్తుంది. ఇరవై ఏళ్ల పిల్లలురా వాళ్లు, జన్మలో ఒక్కసారి ఆడే ఆట కావచ్చు అది.

అందుకే సొంత జట్టు వస్తుందన్న ఆశను సున్నా చేసి బిడ్ చదువు. ఎవరు గెలిచినా ఓడినా పోయి చూద్దాం అనిపించే ఊరేనా? ఫ్లోరిడాలో డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీ హాకీ జట్టే లేదు, అయినా 2012, 2016, 2023లో ఫ్రోజెన్ ఫోర్ అక్కడి టాంపా నగరానికి వెళ్లింది. మంచులో విసిగిన జనానికి ఏప్రిల్‌లో ఎండ కావాలి మరి. మిన్నెసోటాలోని సెయింట్ పాల్ సంగతి వేరు, అక్కడ హాకీ అంటే పిచ్చి. ఇంకెవరైనా 2010లో డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఫీల్డ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఫైనల్‌కి 37,592 మంది వచ్చారని ఊరిస్తే, ఆ తర్వాత ఫుట్‌బాల్ స్టేడియంలో మళ్లీ ఎందుకు పెట్టలేదో అడుగు.

హోటళ్ల దగ్గర మాత్రం మెత్తబడకు, నీది అసలే మొహమాటం. గురువారం ఓడిన రెండు జట్ల జనం శుక్రవారమే పెట్టె సర్దుకుంటారు. మూడు రాత్రులకూ డబ్బు కట్టి తీరాలనే షరతు ఉంటే మరుసటి ఏడాది వాళ్లు రారు, ఇంకో నలుగురికి కూడా చెప్తారు. 1948 నుంచి 1957 వరకు ఈ పోటీ కొలరాడో స్ప్రింగ్స్‌లో బ్రాడ్‌మూర్ హోటల్ వాళ్ల సొంత రింక్‌లోనే జరిగేది, గది నుంచి ఆటకి అడుగుల దూరం. ఇప్పుడు అంత సుఖం దొరకదులే.

ఊరు చూపించేవాళ్లు నిన్ను కారులో తిప్పుతారు. దిగి నడువు, రాత్రి ఆట విడిచే వేళకి హాలు నుంచి హోటల్ దాకా. మందపాటి కోటు వేసుకుని వెళ్లు, నీకు చిన్నప్పటి నుంచీ ఇట్టే జలుబు పట్టేస్తుంది. హోటల్ కాంట్రాక్టులు అర్థం కాకపోతే నాకు పంపు. బయటికి చూపించకూడదు అంటే పంపకు, ఫోన్ చేసి అడుగు చాలు.

పెద్దమ్మ