టోంగా రాజుగారి తల ఎవరు ముట్టుకోవాలి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పసిఫిక్ దీవుల్లో సొంత రాజవంశం ఇంకా గద్దె మీదున్న దేశం టోంగా ఒక్కటే. ఆ రాచరికమూ అక్కడి క్రైస్తవమూ ఎలా పెనవేసుకున్నాయో అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్ర: టోంగా రాజుకు కిరీటం పెట్టింది ఆస్ట్రేలియా పాస్టరట. సొంత దేశంలో పాస్టర్లే కరువయ్యారా?

జ: పాస్టర్లకు అక్కడ ఏ లోటూ లేదు. చిక్కంతా రాజుగారి తలతో. 2015 జులై 4న రాజధాని నుకుఅలోఫాలోని సెంటినరీ చర్చిలో ఆరవ తుపోఉకు అభిషేకం చేసి కిరీటం పెట్టింది డార్సీ వుడ్ అనే ఆస్ట్రేలియా పాస్టరే. టోంగా మనిషి ఎవరూ రాజు తలను తాకకూడదు. అది తపు. ఇంగ్లిషువాళ్ల 'టాబూ' పుట్టింది ఈ మాటలోంచే. 1777లో కెప్టెన్ కుక్ ఈ దీవుల్లో విని రాసుకున్నాడు. క్రైస్తవం వచ్చి రెండు వందల ఏళ్లు కావస్తున్నా, చర్చి లోపల, బలిపీఠం ముందు కూడా ఆ పాత కట్టుబాటుదే పైచేయి.

ఇంకో సంగతి. చర్చిలో కిరీటధారణకు ముందే 'తౌమఫా కవా' అనే పానీయ వేడుక జరుగుతుంది. కవా వేరును దంచి, నీళ్లు కలిపి, ఫౌ చెట్టు నారతో పిండి వడగడతారు. ఫౌ మన మందార జాతిదే. ఆ తర్వాత పేరు పేరునా పిలిచి, హోదా వరసలో ఒక్కొక్కరికీ చిప్ప అందిస్తారు. ఎవరికి ఎన్నో చిప్ప అన్నదాన్ని బట్టే ఎవరి అంతస్తు ఏమిటో తేలిపోతుంది. 'తుఇ కనోకుపోలు' అనే రాజబిరుదు దక్కేది ఈ వేడుకలోనే. ఫొటోల్లో కిరీటం మెరుస్తుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు గానీ, సంప్రదాయం ప్రకారం మనిషిని రాజును చేసేది కవాయే.

ప్ర: మిషనరీలు 1797లోనే దిగారు. రాజు బాప్తిస్మం 1831లో. మధ్యలో అన్నేళ్లు ఏం జరిగింది?

జ: మొదటి ప్రయత్నం ఘోరంగా చెడింది. లండన్ మిషనరీ సొసైటీ 'డఫ్' అనే ఓడలో పదిమందిని తెచ్చి టోంగాటపు దీవిలో దింపింది. వాళ్లలో ఎక్కువమంది చేతిపనులవాళ్లు. భాష రాదు, అండగా నిలిచే పెద్ద నాయకుడు లేడు. దీవిలో అప్పటికే చేరిన తెల్ల పలాయనులు వీళ్ల మీద చాడీలు మోసేవారు. జనం ఆశపడింది వీళ్ల దేవుడి కోసం కాదు, ఇనుప పనిముట్ల కోసం. 1799లో తుఇ కనోకుపోలు బిరుదులో ఉన్న తుకుఅహోను హత్య చేయడంతో అంతర్యుద్ధం అంటుకుంది, అందులో ముగ్గురు మిషనరీలు చచ్చిపోయారు. 1800లో మిగిలినవాళ్లు ఓడ ఎక్కేశారు. జార్జ్ వేసన్ అనే ఆయన మాత్రం అప్పటికే పచ్చబొట్లు పొడిపించుకుని, అక్కడే పెళ్లాడి, టోంగా మనిషిలా బతుకుతున్నాడు. మతం మార్చడానికి వచ్చి తనే మారిపోయాడన్నమాట!

1822లో వెస్లియన్ అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీ వాల్టర్ లారీ వచ్చి మరుసటి ఏడే వెనుదిరిగాడు. 1826లో వచ్చిన జాన్ థామస్‌కు కూడా హిహిఫోలో అతా అనే నాయకుడు చుక్కలు చూపించాడు. ఈ థామస్ ఇంగ్లండులో కమ్మరి పని చేసినవాడు. అదే ఏడాది నుకుఅలోఫాలో మాత్రం బండి కదిలింది. కదిలించింది తెల్లవాళ్లు కాదు. ఫిజీకి వెళ్తూ అక్కడ ఆగిన ఇద్దరు తాహితీ బోధకులు, హాపె, తఫేతా. చుట్టపు భాష మాట్లాడే తోటి దీవులవాళ్లు చెప్పిన మాట చెవికెక్కింది. ఆ ఊరి నాయకుడు అలేఆమోతుఆ వాళ్లను చేరదీసి, 1830లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1831లో అచ్చు యంత్రం దిగింది. అప్పటి నుంచి చదువు మోజు ఊళ్లను ఊపేసింది. ఇనుము కోసం ఎగబడ్డ జనమే పుస్తకం కోసం ఎగబడ్డారు.

ప్ర: తౌఫాఆహౌ మతం మారింది నమ్మకంతోనా, లేక రాజ్యం కోసమా?

జ: ఈ ప్రశ్నలో 'లేక' అన్నదే ఇబ్బంది. ఆ కాలపు పాలినీసియాలో ఈ రెండూ వేర్వేరు కావు. దేవుడికి శక్తి ఉంటే పూజించినవాడు గెలుస్తాడు, గెలవకపోతే దేవుణ్ణి మార్చాలి. తౌఫాఆహౌ లెక్క అచ్చంగా ఇదే.

1831లో బాప్తిస్మం తీసుకున్నాడని పైన చెప్పుకున్న రాజు ఈయనే. 1797 ప్రాంతంలో పుట్టిన ఈయన మొదట హాఅపై దీవులకు నాయకుడు. వెస్లియన్లను మిషనరీని పంపమన్నాడు. పంపడానికి ఎవరూ లేక పీటా వీ అనే టోంగా శిష్యుణ్ణి పంపారు. తౌఫాఆహౌ ఊరికే నమ్మలేదు, పాత దేవతలకు పరీక్ష పెట్టాడు. దేవత పూనిన పూజారిణిని అరటి బోదెతో కొట్టాడని చెబుతారు. గదతో కొడితే మనిషి చస్తుంది, తను కొట్టాలనుకున్నది దేవతనే కదా! ఆకాశం విరిగి మీద పడలేదు. 1830లో లిఫుకా దీవికి వచ్చిన జాన్ విలియమ్స్ అనే మిషనరీకి ఐదు దేవతల ప్రతిమలు మెడకు తాడుతో వేలాడుతూ కనిపించాయి. నేరస్థుల్ని ఉరి తీసినట్టు! వాటిని కాల్చేయకుండా వేలాడదీయడంలోనే ఉంది కిటుకు. కాలిస్తే కంటికి కనబడవు. వేలాడితే వచ్చేపోయే వాళ్లందరూ చూసి, వీటి చేత ఏమీ కాదని తెలుసుకుంటారు.

1831 ఆగస్టు 7న బాప్తిస్మం. పెట్టుకున్న పేరు సియఓసి, అంటే జార్జ్. ఇంగ్లండు రాజు మూడవ జార్జ్ పేరు. భార్య లుపేపౌఉకు ఆ జార్జ్ రాణి షార్లెట్ పేరే పెట్టి సాలోటె అన్నారు. ఇద్దరి పేర్లలోనే రాజ్యకాంక్ష తొంగి చూస్తోంది కదా. ఇక నమ్మకం సంగతి. మిగతా భార్యల్ని వదులుకున్నాడు, తనే ప్రసంగాలు చేశాడు, అరవై ఏళ్లకు పైగా ఆ మతంలోనే ఉన్నాడు. నటన అయితే అంతకాలం సాగదు.

1833లో వవాఉ నాయకుడు చనిపోతూ తన దీవుల్ని ఈయన చేతికిచ్చాడు. 1839లో అక్కడే మొదటి లిఖిత చట్టం వెలువడింది. నాయకుడైనా సరే దానికి లోబడాల్సిందే. ఆ ఏడే పోఉఓనో అనే చోట గుప్పెడు మట్టి తీసి పైకి విసిరి, దేశాన్ని దేవుడికి అప్పగించాడని టోంగా వాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. 1845లో అలేఆమోతుఆ కన్నుమూశాక తుఇ కనోకుపోలు అయ్యాడు. 1852 నాటికి ఎదురు నిలిచిన కోటలు లొంగాయి. 1862లో సామాన్యుల్ని నాయకుల వెట్టిచాకిరీ నుంచి విడిపించాడు. 1875 నవంబరు 4న రాజ్యాంగం వచ్చింది. ఇన్ని సంస్కరణల్లో నాకు అన్నిటికంటే పెద్దదనిపించేది 1862దే. యుద్ధంలో గెలిచిన రాజులు చాలామంది ఉంటారు. తన సాటి నాయకుల గిట్టుబాటును కత్తిరించినవాళ్లు తక్కువ.

ప్ర: అంతకు ముందు 'తుఇ టోంగా' అనే దైవాంశ రాజులుండేవారట. వాళ్లేమయ్యారు?

జ: ఆకాశ దేవుడు టాంగలోఆకు, మానవ స్త్రీకి పుట్టిన అహోఎఇతుతో సుమారు క్రీ.శ. 950లో ఆ వంశం మొదలైందని వాళ్ల గాథ. ఏటా తొలి పంట పెండలాన్ని 'ఇనసి' పండుగలో ఆయనకే అర్పించేవారు. కాలక్రమంలో పాలన చిన్న వంశాల చేతికి పోయి, ఈయనకు పూజ మాత్రం మిగిలింది. ఆఖరివాడు లౌఫిలిటోంగా అధికారం తిరిగి పట్టాలని చూసి, 1826లో వెలాటా కోట దగ్గర తౌఫాఆహౌ చేతిలో ఓడాడు. వెస్లియన్ మతం గెలిచినవాడిది కాబట్టి, 1842లో వచ్చిన కాథలిక్కులు ఓడినవాళ్లకు ఆసరా అయ్యారు. లౌఫిలిటోంగా 1851లో కాథలిక్ అయ్యాడు. 1865లో ఆయనతోనే ఆ బిరుదూ ఆగిపోయింది.

ప్ర: సియఓసి, సాలోటె... పేర్లు ఇంతలా ఎందుకు మారాయి?

జ: మన తెలుగులాగే టోంగా కూడా అజంత భాష. ప్రతి మాటా అచ్చుతోనే ముగియాలి. పైగా రెండు హల్లులు పక్కపక్కన రాకూడదు, 'ర'కారమే లేదు. అందుకే పీటర్ పీటా, జాన్ సియోనె, క్రైస్ట్ కలైసి. పాత పుస్తకాల్లో 'బ', 'జ' అక్షరాలతో తుబోఉ, జియఓజి అని కనిపిస్తే తికమక పడకండి, 1943లో లిపిని సవరించారు.

ప్ర: ఆదివారం టోంగాలో ఏ పనీ చేయకూడదట. చేస్తే?

జ: మాటవరసకు చెప్పింది కాదు, రాజ్యాంగం 6వ అధికరణం. చట్టం అనుమతిస్తే తప్ప ఆదివారం వృత్తి గానీ వ్యాపారం గానీ కూడదు. పైగా ఆ రోజు రాసుకున్న ఒప్పందం, పెట్టిన సాక్షి సంతకం చెల్లనే చెల్లవు. కాగితం మీద తేదీ ఆదివారమని తేలితే చాలు, అది చిత్తుకాగితమే. రొట్టెల దుకాణాలకు 1982 ఐజాక్ తుపాను తర్వాత మినహాయింపు వచ్చింది.

మరి తిండి? శనివారాన్ని వాళ్లు 'తోకోనకి' అంటారు, అంటే సరుకులు సమకూర్చుకునే రోజు. ఆదివారం పొద్దున్నే గోతిలో రాళ్లు కాల్చి, చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు చుట్టిన 'లూ' పొట్లాలు పేర్చి మూసేసి గుడికి వెళ్తారు. తిరిగొచ్చేసరికి ఉడికి ఉంటాయి. రాళ్లు సరిగ్గా కాలకపోయినా, పైన కప్పిన ఆకులు, మట్టిలో సందు ఉండి ఆవిరి పోయినా చేమాకు సగం ఉడుకుతుంది. ఆ ఆకు గొంతులో ఎంత దురద పెడుతుందో తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. చర్చికి వెళ్లేటప్పుడు నడుముకు 'తఓవలా' అనే అల్లిక చాప చుట్టుకుంటారు. అది లేకుండా పెద్దల ముందుకు రావడం అమర్యాద.

ప్ర: రాజే తన చర్చి మీద తిరగబడ్డాడని విన్నాం. ఎందుకు?

జ: డబ్బు. ఏటా జరిగే చందాల సభల్లో పోటీలు పడి ఇచ్చేవారు. చేతిలో నాణేలు లేనివాళ్లకు ఒక జర్మన్ వర్తక సంస్థ అప్పిచ్చి, తర్వాత ఎండు కొబ్బరి రూపంలో రాబట్టుకునేది. ఈ ఏర్పాటు మిషనరీ షర్లీ బేకర్‌ది. వసూలైన దాంట్లో పెద్ద భాగం ఆస్ట్రేలియా పోవడం రాజు తౌఫాఆహౌకు కంటగింపయింది. బేకర్ 1880లో ప్రధాని అయ్యాడు. 1885లో ఇద్దరూ కలిసి టోంగా స్వతంత్ర చర్చి పెట్టారు. పాత చర్చిని వీడని వాళ్ల మీద వేధింపులు సాగాయి. 1887లో బేకర్‌ మీద హత్యాయత్నం జరిగింది, అతని కొడుకూ కూతురూ గాయపడ్డారు. ఆరుగురికి మరణశిక్ష అమలైంది. కొందరు వెస్లియన్లు ఫిజీకి వలసపోయారు. చివరికి 1890లో బ్రిటిష్ హైకమిషనర్ థర్స్టన్, బేకర్‌ను దీవుల నుంచి వెళ్లగొట్టాడు. చీలిన చర్చిల్ని 1924లో తర్వాతి తరాల పాలకురాలు, అదే పేరున్న మరో సాలోటె రాణి కలిపింది. అదీ పూర్తిగా కాదు, ఒక వర్గం రానని పక్కనే ఉండిపోయింది.

ప్ర: హవాయిలో పాత మతాన్ని తీసేసింది కూడా మిషనరీలేనా?

జ: కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. కమేహమేహ రాజు 1819 మేలో చనిపోయాడు. ఆ నవంబరులో కొడుకు లిహోలిహో అందరూ చూస్తుండగా ఆడవాళ్ల బంతిలో కూర్చుని తిన్నాడు. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి తినకూడదన్న 'కపు' నిషేధం ఆ ఒక్క భోజనంతో కూలింది. అమెరికా మిషనరీలు అప్పటికి ఇంకా సముద్రం మీదే ఉన్నారు. వాళ్ల ఓడ తీరం చేరింది 1820 మార్చి నెలాఖరులో.