భర్త పోయిన నాలుగు నెలలకే అమ్మ వేరేవాళ్ళ ఇల్లు చూసుకోవడానికి వెళ్ళవచ్చా? నా అనుభవం చెప్తాను

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయి నాలుగు నెలలైంది, అమ్మగారికి 66, బెంగళూరు మారతహళ్ళి ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు, నాన్నగారి పాత స్నేహితుల కుటుంబం మార్చి నుంచి జూన్ దాకా అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్తూ జయనగర్‌లో తమ ఇంటిని, కుక్కను చూసుకోమని అడిగారు, అమ్మ సరేనన్నారు, మీ అన్నయ్య మాత్రం ఏడాది తిరగకుండా పరాయి ఇంట్లో ఉండటమేంటి అంటున్నాడు. ఇదే కదా విషయం. నన్నడిగితే వెళ్ళనివ్వండి. కాకపోతే ఆ నెలలన్నీ ఏకధాటిగా అక్కడే ఉండిపోకుండా చూసుకోండి. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది.

మాది చిత్తూరు జిల్లా. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ బెంగళూరే, కె.ఆర్. పురం వైపు. నేను ప్రైవేటు స్కూల్లో టీచరుగా రిటైరయ్యాక, మా ఆయన కూడా ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక, మా అబ్బాయి స్నేహితుడి ఇల్లు చూసుకోవడంతో ఈ పని మొదలైంది. ఆ తర్వాత ఒకరి నోటి నుంచి ఒకరికి తెలిసి వైట్‌ఫీల్డ్, మల్లేశ్వరం, జయనగర్, బసవనగుడి ఇలా చాలా ఇళ్ళల్లో ఉన్నాం. మోటారు, సంపు, ఇన్వర్టర్ ఆయన వంతు. మొక్కలు, వంటిల్లు, కుక్కలు నావి. ఆయన ఒక ఆదివారం పొద్దున పేపరు చదువుతూనే పోయారు, హార్ట్ ఎటాక్. ఆ తర్వాత కొన్నేళ్ళు నేనొక్కదాన్నే చేశాను. మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లు ఎక్కలేక పోయినేడు మానేశాను.

మీ అన్నయ్య అన్న మాటలే మా బంధువులూ అన్నారు. మొగుడు పోయి ఆరు నెలలు కాలేదు, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు కాపలా పనేంటి అని మా ఆడపడుచు ముఖం మీదే అంది. ఆవిడ కోపం వెనక ప్రేమే ఉంది, అందుకని నేనేమీ అనలేదు. కానీ ఒకటి గమనించండి, మావైపు పెద్దకర్మ అయ్యాక దగ్గరివాళ్ళు వచ్చి తమ ఇంటికి నిద్రకు తీసుకెళ్తారు. మిగిలిన మనిషి అదే ఇంట్లో, అదే మంచం పక్కన రోజూ పడుకోవడం కష్టమని పెద్దవాళ్ళకు తెలియకనా? కాబట్టి సంప్రదాయం ఒప్పుకోదని అన్నయ్య అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

ఇప్పుడు రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మీ అమ్మగారికి మేలు చేసేది అదే. ఇండిపెండెంట్ ఇల్లు అంటున్నారు కాబట్టి కావేరి నీళ్ళు ఏ రోజుల్లో, ఏ టైముకు వస్తాయో ముందే తెలుసుకోవాలి, ఏరియాను బట్టి రోజు విడిచి రోజు వచ్చేచోట్లు ఉన్నాయి, కొన్నిచోట్ల తెల్లవారుజామున వస్తాయి. సంపు నిండిందా, మోటారు వేశామా, పైట్యాంకు పొర్లిపోతోందా అనేది రోజూ ఉండే పని. ఎండాకాలం అసలే జాగ్రత్త. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడ్డప్పుడు తాగునీళ్ళతో కార్లు కడిగినా, తోటలు తడిపినా 5000 రూపాయల జరిమానా అని వాటర్ బోర్డు ఆర్డర్ వేసింది. అప్పుడు నేను ఉన్న ఇంట్లో కూరగాయలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి మొక్కలకు పోశాను. ఒక్క మొక్కా పోలేదు. నిజానికి ఇలాంటి ఇళ్ళల్లో నీళ్ళు తక్కువై చచ్చే మొక్కలకంటే, భయంకొద్దీ రోజూ పోసేసి వేళ్ళు కుళ్ళిపోయి చచ్చేవే ఎక్కువ. మట్టిలోకి వేలు పెట్టి చూసి పోయమనండి.

తర్వాత, ఎవరూ వాడని బాత్రూములు. నేల మీద జాలీ కింద మలుపులో నీళ్ళు నిలిచి ఉంటాయి, డ్రైనేజీ వాసననూ బొద్దింకలనూ ఆపేవి ఆ నీళ్ళే. వాడకపోతే అవి ఎండిపోతాయి. వారానికోసారి ప్రతి జాలీలోనూ ఒక చెంబు నీళ్ళు పోస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు గాలివాన ఒక్కసారిగా విరుచుకుపడుతుంది కదా, ఆకులన్నీ కొట్టుకొచ్చి మేడ మీద నీళ్ళు పోయే గొట్టానికి అడ్డం పడతాయి, మబ్బు కనిపించగానే ఒకసారి పైకి వెళ్ళి తీసేయాలి. అమ్మగారు మెట్లు ఎక్కలేకపోతే ఆ పని ఎవరు చేస్తారో ఇంటివాళ్ళనే అడగండి. చెత్త సంగతి మీకు తెలిసిందే, తడిది వేరు, పొడిది వేరు, డైపర్లు ప్యాడ్ల లాంటివి వేరు. కలిపేస్తే పౌరకార్మికులు తీసుకోరు, తీసుకోకపోవడం న్యాయం కూడా.

ఇవన్నీ చిన్న పనులే. కానీ భర్త పోయిన మనిషికి పొద్దున ఐదున్నరకు లేవడానికి ఒక కారణం ఉండటం చిన్న విషయం కాదు. మా ఇంట్లో అయితే నేను తొమ్మిదైనా లేచేదాన్ని కాదు, లేచి ఏం చేయాలి, ఎవరికి చేయాలి? కుక్క ఉన్న ఇంట్లో అది కుదరదు, అది వచ్చి మంచం పక్కన నిలబడుతుంది.

నేను జయనగర్‌లో చూసుకున్న ఇంటి కుక్క గురించి చెప్పాలి. ముసలి లాబ్రడార్, పేరు జూలీ. బ్యాంకు ఓటీపీలన్నీ మా ఆయన నంబరుకే వచ్చేవి కాబట్టి ఆయన ఫోను నా సంచిలోనే ఉండేది. అందులో రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర అలారం పెట్టుకున్నారు. ఆపాలంటే నాకు చేతులు రాలేదు. రోజూ మోగేది, నేను అలా చూస్తూ ఉండేదాన్ని, దానంతటదే ఆగిపోయేది. ఆ ఇంట్లో జూలీకి అన్నం పెట్టే టైము కూడా అదే. కొన్నాళ్ళకు ఆ అలారం మోగితే చాలు, అది ఎక్కడున్నా కాళ్ళీడ్చుకుంటూ వచ్చి గిన్నె దగ్గర నిలబడి నా వైపు చూసేది. అప్పటిదాకా ఆ శబ్దం వింటే గుండె పట్టేసినట్టు ఉండేది, ఇక్కడ లేచి పెరుగన్నం కలపాల్సి వచ్చేది. ఆయన మాత్ర టైము ఎవరికో అన్నం టైము అయింది. అది నాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

వీధివాళ్ళు కూడా ముఖ్యం. మన వీధిలో అందరూ మనల్ని జాలిగా చూస్తారు, లేదా ఏం మాట్లాడాలో తెలియక తప్పుకుంటారు. కొత్త వీధిలో నేను కుక్కను తిప్పే ఆంటీని మాత్రమే. పూలమ్మే ఆమె, ఎదురింటి పెద్దాయన రోజూ "ఊట ఆయ్తా?" (భోజనమైందా) అని అడిగేవాళ్ళు, ఆయ్తు (అయింది) అని చెప్పాలి కాబట్టి తినేదాన్ని. బసవనగుడిలో ఉన్నప్పుడు కార్తీకమాసం చివరి సోమవారం కడలేకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర, వచ్చింది, బుల్ టెంపుల్ రోడ్డంతా వేరుశనక్కాయల గుట్టలు, ఆయన పోయాక నా అంతట నేను బయటికెళ్ళి ఏదైనా కొనుక్కుంది ఆ రోజే.

ఇక ఉగాది. మీ అమ్మగారు అక్కడ ఉన్నప్పుడే వస్తుంది. ఏటి సూతకం సంగతి ఇంటివాళ్ళతో ముందే తేల్చుకోండి, ముఖ్యంగా వాళ్ళకు పూజగది ఉంటే. నేను ఉన్న జయనగర్ ఇంటివాళ్ళకు చెప్తే ఆ ఇంటి పెద్దావిడ పూజగది తలుపు వేసేసి, దీపం పెట్టే పని పక్కింటావిడకు అప్పగించింది. మల్లేశ్వరం తమిళవాళ్ళు దీపం నన్నే పెట్టమన్నారు, పెట్టాను. రెండూ నాకు సమ్మతమే, ముందే మాట్లాడుకున్నాం కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోలేదు. తీరా అక్కడికి వెళ్ళాక ఫోనులో తెలిస్తేనే బాధ. ఉగాది రోజు మీరు అక్కడికే వెళ్ళండి. పండగ చేసుకోకపోయినా మామూలు అన్నం కలిసి తినొచ్చు.

ఇప్పుడు అసలు షరతు. పరాయి ఇంట్లో మన మనిషి గుర్తులు ఉండవు. ఆ కుర్చీ లేదు, ఆ టవలు లేదు. మొదట్లో అది ఎంతో హాయి. నేను ఒక ఇంటి తర్వాత ఇంకో ఇల్లు ఒప్పుకుంటూ పోయాను, మా ఇంటికి బట్టల కోసం తప్ప వెళ్ళలేదు. జులైలో తిరిగొచ్చాను. వానలకు మూసి ఉన్న ఇల్లు, తలుపు తీయగానే ముక్కిన వాసన. బీరువా తెరిస్తే ఆయన చొక్కాల కాలర్లకు తెల్లగా బూజు. అన్నీ తీసి ఉతికి ఆరేశాను, ఇంకేం చేస్తాం. ఆరిన చొక్కాను మడతపెట్టబోతూ ముఖానికి ఆనించుకుంటే సబ్బు వాసనే. ఆయన వాసన పోయింది. పెద్దకర్మ రోజు కూడా నేను అంత ఏడవలేదు. మా అబ్బాయి పుణె నుంచి వచ్చి వారం ఉన్నాడు.

అందుకే చెప్తున్నా, వారంలో రెండు రాత్రులు అమ్మగారు తన ఇంట్లోనే పడుకోవాలి, ఆ రెండు రాత్రులు జయనగర్‌లో మీరో అన్నయ్యో ఉండండి. తలుపులు కిటికీలు తెరవాలి, నాన్నగారి బీరువాకు గాలి తగలనివ్వాలి. ఏవైనా ఒకటి రెండు బట్టలు ఉతక్కుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి ఉంచమనండి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. నాన్నగారి స్నేహితులు కాబట్టి ఊరికే చేద్దామని అమ్మగారు అంటారు, మేమూ మొదట అలాగే అన్నాం. కానీ డబ్బు తీసుకుంటేనే ఇది పని అవుతుంది, పనైతేనే కుదరదు అని చెప్పే హక్కు ఉంటుంది. ఎంత, ఎప్పుడిస్తారు, కరెంటు బిల్లు ఎవరిది, కుక్కకు బాగోకపోతే డాక్టరు ఖర్చుకు ముందుగా ఎంత ఇచ్చి వెళ్తారు, అన్నీ వాట్సాప్‌లో రాసుకోండి. బయల్దేరేముందు ఇల్లంతా వీడియో తీయమనండి. లాకరు తాళాలు, నగలు ఉన్న బీరువా తాళాలు తీసుకోనే వద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, కుక్కల డాక్టరు నంబర్లతో పాటు 112 కూడా ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో అంటించండి. ముసలి కుక్క అయితే ఇంకొకటి అడగాలి, మనసుకు కష్టమైనా. వాళ్ళు లేనప్పుడు దానికి ఏమైనా అయితే ఏం చేయమంటారు, ఎవరు వచ్చి తీసుకెళ్తారు? అమ్మగారు ఈ ఏడాది ఇంకో చావును ఒంటరిగా చూడకూడదు. దీనికి సరైన జవాబు రాకపోతే ఆ ఇల్లు ఒప్పుకోవద్దు.

ఈ హడావిడిలో కాగితాలు ఆగిపోకుండా చూడండి. నాన్నగారిది ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఉద్యోగుల పెన్షన్) అన్నారు కదా, అందులో సగం అమ్మగారికి వస్తుంది. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీయించి పెట్టుకోండి, అడిగినచోటల్లా ఇవ్వాలి. పెన్షన్ మొదలయ్యాక ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఈపీఎస్‌వాళ్ళకు నవంబరులోనే అని లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. బ్యాంకులో ఫోన్ నంబరు అమ్మగారిది మార్పించేదాకా నాన్నగారి సిమ్ ఆపించకండి.

వాళ్ళు బయల్దేరడానికి ఇంకా టైముంది కాబట్టి, వాళ్ళు ఉండగానే ఒక శనివారం రాత్రి అమ్మగారిని అక్కడ పడుకోమనండి. పొద్దున మోటారు తనే వేయాలి, కుక్కను తనే తిప్పాలి. ఆదివారం మధ్యాహ్నం మీరు వెళ్ళి తీసుకొచ్చి, అన్నయ్యను కూడా పక్కన కూర్చోబెట్టి, ఎలా ఉందని ఆవిడనే అడగండి.