పండుగకు పిలిచారు సరే, పని చెప్పారా?

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పండుగల గురించే. సంతోషంగా రాసినవి కొన్ని, ఒళ్లు మండి రాసినవి చాలా. రెండో రకానికే ముందు జవాబిస్తున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను, నిశ్చింతగా చదవండి.

ప్రశ్న: పండుగ వస్తే అందరం ఒకచోట చేరతాం. పిల్లలు ఫోన్లలో, మగవాళ్లు టీవీ ముందు, పెద్దవాళ్లు మంచాల మీద. భోజనాల వేళ తప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకోం. పండుగలు కుటుంబాన్ని కలుపుతాయని అందరూ అంటారు. నిజంగా కలుపుతాయా మేడమ్?

జవాబు: ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన కలవరమ్మా. రైలు పెట్టెలోనూ బోలెడు మంది ఒకే కప్పు కింద ఉంటారు.

స్పెయిన్‌లో శాన్ పెడ్రో మాన్రికే అని ఒక చిన్న ఊరుంది. ఏటా జూన్ 23 రాత్రి, సెయింట్ జాన్ పండుగకు, అక్కడ నిప్పుల మీద నడుస్తారు. చాలామంది ఒంటరిగా నడవరు. తమకు కావలసిన మనిషిని వీపున ఎక్కించుకుని మరీ నడుస్తారు. పరిశోధకులు కొందరు అక్కడికి వెళ్లి, నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె వేగం కొలిచే పరికరాలు కట్టారు. 2011లో ఫలితాలు బయటపెట్టారు. నిప్పుల మీద నడిచేవాళ్ల గుండె వేగం ఎలా పెరిగి ఎలా తగ్గిందో, ఊరికే కూర్చుని చూస్తున్న వాళ్ల బంధుమిత్రుల గుండె వేగం కూడా అదే తీరులో నడిచింది. ఆ నడిచేవాళ్లకు ఏమీ కాని సందర్శకుల్లో మాత్రం ఆ పోలిక కనబడలేదు. అదే చోటు, అదే రాత్రి, అవే నిప్పులు. సందర్శకుడు చూడటానికి వచ్చాడు. ఊరివాడికి ఆ నిప్పుల్లో తన మనిషి ఉన్నాడు. తేడా అంతే.

మీ ఇంట్లో చిక్కేమిటంటే, అందరూ సందర్శకులుగానే వస్తున్నారు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లోనే ఈ సంగతి రాశాడు. జనం ఒకచోట చేరి, ఒకే పనిని కలిసి చేసినప్పుడు పుట్టే ఉద్వేగమే సమాజాన్ని నిలబెడుతుందన్నాడు. మనం ‘చేరి’ దగ్గర ఆగిపోయి, ‘చేసి’ని వదిలేశాం.

కాబట్టి వచ్చేవాళ్లకు ముందే ఫోన్ చేసి తలా ఒక పని చెప్పండి. ఆ పని జరగకపోతే పండుగలో లోటు కనబడాలి, అలాంటి పని. పదేళ్ల పిల్లాడికి ‘చెల్లిని ఆడించు’ అని చెప్పడం పని అప్పగించడం కాదు, వదిలించుకోవడం. గుమ్మం అలంకరణ మొత్తం వాడికి ఇచ్చేయండి. వంకరగా వచ్చిందనుకోండి, సరిచేయకండి. ఎవరైనా సరిచేయబోతే ఆపండి కూడా. ఫోన్లు లాక్కోవద్దు. ఆ ఫోన్‌తోనే అమ్మమ్మ చిన్నప్పటి పండుగ కబుర్లు రికార్డు చేసే బాధ్యత పెద్ద మనవరాలికి ఇవ్వండి. టీవీ ముందున్న మగవాళ్ల సంగతి తర్వాతి ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న: మా అత్తగారింట్లో పండుగంటే పాతిక మంది. వంట, వడ్డన, శుభ్రం అన్నీ నావీ మా తోటికోడలివీ. పండుగ దగ్గర పడుతుంటే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఈ మాట అంటే ‘కలిసుండటం ఇష్టం లేదు’ అంటారు.

జవాబు: మీ టెన్షన్‌కు కొరియాలో ఏకంగా పేరే పెట్టారు. అక్కడ చుసోక్ అని పంట పండుగ, సియొల్లాల్ అని చాంద్రమాన కొత్త సంవత్సరం, రెండూ పెద్దవి. ఆ రోజుల్లో పూర్వీకులకు నైవేద్యాలు పేర్చి మొక్కుతారు. ఎవరి పూర్వీకులకు? భర్తవైపు వాళ్లకు. పాత పద్ధతిలో వండేది కోడళ్లు, మొక్కేది కొడుకులు. పండుగ ముందూ వెనకా ఆడవాళ్లకు వచ్చే నడుము నొప్పి, తలనొప్పి, దిగులు అన్నిటినీ కలిపి ‘పండుగ జబ్బు’ అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

2022 సెప్టెంబరులో, చుసోక్‌కు కొన్ని రోజుల ముందు, సియోల్‌లోని సుంగ్‌క్యున్‌క్వాన్ ఒక ప్రకటన చేసింది. చైనా తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ సంప్రదాయానికి అక్కడ అదే పెద్ద పీఠం. నూనెలో వేయించిన పిండివంటలు నైవేద్యంలో ఉండి తీరాలని లేదు, తొమ్మిది రకాలు చాలు, పండ్లు ఫలానా వరసలోనే పేర్చాలన్న నియమం పాత గ్రంథాల్లో లేదు అని చెప్పింది. ఆ వేపుళ్ల ముందే ఆడవాళ్ల నడుములు విరిగేవి! ఆచారాన్ని కాపాడవలసిన పెద్దలే ఇన్ని అక్కర్లేదని చెప్పారు చూడండి, నాకు ముచ్చటేసింది. మీ ఇంట్లో కూడా ‘ఇది తగ్గిద్దాం’ అనే మాట మీ నోటి నుంచి కాక మీ అత్తగారి నోటి నుంచి వస్తే గొడవ సగం తగ్గుతుంది. ఆవిడా ఒకప్పుడు కోడలే. తీరిగ్గా ఉన్నప్పుడు ఆ రోజుల గురించి అడగండి, మాట కలుస్తుంది.

ఐర్లండ్‌లో, ముఖ్యంగా కార్క్, కెర్రీ ప్రాంతాల్లో, జనవరి 6ను ‘ఆడవాళ్ల క్రిస్మస్’ అంటారు. ఆ రోజు ఇంటి పని మగవాళ్లది. ఆడవాళ్లు స్నేహితురాళ్ల ఇళ్లకు వెళ్లి కబుర్లు చెప్పుకుంటారు. క్రిస్మస్ నుంచి పన్నెండు రోజుల చాకిరీకి ఒక్క రోజు సెలవన్నమాట. బేరం నాకు నచ్చలేదు. అయినా ఎవరు చాకిరీ చేస్తున్నారో ఊరంతా ఒప్పుకున్నట్టయింది కదా, అది తక్కువ సంగతి కాదు.

ముందుగా చేయవలసినది ఒకటుంది. పండుగకు మీరు చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. వంట, వడ్డన మాత్రమే కాదు. ఎవరికి ఏది పడదో గుర్తుంచుకోవడం, దుప్పట్లు లెక్కచూడటం, మందుల వేళలు, చెత్త బయట పెట్టడం, అన్నీ. అందరికీ కనబడేలా అంటించండి. ఎవరూ ‘నువ్వేం చేస్తున్నావ్’ అనలేరు. ఆ తర్వాత ఎవరి పని వాళ్లనే ఎంచుకోమనండి, టీవీ ముందున్న మగవాళ్లతో సహా.

నాకు వంట రాదు. మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం అదొక్కటే. పండుగకు గిన్నెలు తోమేది నేను. సింకు దగ్గర నిలబడితే ఒకరు తుడుస్తామని వస్తారు, ఒకరు సర్దుతామని వస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని సంగతులు అక్కడ చెబుతారు, ఎవరి ముఖం ఎవరూ చూడనక్కర్లేదు కదా. ఇంట్లో ఎవరి పెళ్లి కుదిరిందో, ఎవరి ఉద్యోగం పోయిందో ముందు తెలిసేది నాకే.

ప్రశ్న: మా పక్కింటివాళ్లది వేరే మతం. పండుగకు ఆప్యాయంగా పిలుస్తారు. వెళ్లి, బొమ్మల్లా కూర్చుని, తిని వస్తాం. ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియదు. అసలు వెళ్లడం అవసరమా?

జవాబు: వెళ్లండి. కాకపోతే ఒక గంట ముందు వెళ్లండి. కుర్చీలు వేసేటప్పుడు వెళితే మీరు అతిథి కారు.

లండన్‌లో నాటింగ్ హిల్ అనే పేట ఉంది. 1958 వేసవి చివర్లో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతివారి మీద అక్కడ దాడులు జరిగాయి. మరుసటి జనవరిలో, ట్రినిడాడ్‌లో పుట్టిన పత్రికా సంపాదకురాలు క్లాడియా జోన్స్ తమవాళ్లకు ధైర్యం చెప్పడానికి సెయింట్ పాంక్రస్ టౌన్‌హాల్లో ఒక కార్నివాల్, అంటే ఆటపాటల పండుగ, జరిపింది. చలికాలం కదా, అంతా నాలుగ్గోడల మధ్యనే. 1966లో రౌన్ లాస్లెట్ అనే సామాజిక కార్యకర్త ఆ పేటలోనే అన్ని జాతుల పిల్లలకూ కలిపి వీధి ఉత్సవం పెట్టింది. రస్సెల్ హెండర్సన్ అనే కళాకారుడి స్టీల్ బ్యాండ్‌ను, అంటే ఉక్కు డ్రమ్ములు వాయించే బృందాన్ని, పిలిచింది. వాళ్లు ఉన్నచోటే వాయించకుండా, వాయిద్యాలు మెడలో తగిలించుకుని వీధుల్లోకి నడిచారు. ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చి వెనకే నడిచారు. ఇవాళ ఆగస్టు చివర్లో జరిగే ఆ ఉత్సవం యూరప్‌లోని అతిపెద్ద వీధి పండుగల్లో ఒకటి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు. వెనక నడిచినవాళ్లకు అది తమ పండుగ అవుతుంది.

ఇక మర్యాదల సంగతి. ప్రార్థన జరిగేటప్పుడు ఎక్కడ నిలబడాలో అడిగేయండి, అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ఏదైనా తినకపోతే ముందు రోజే చెప్పండి, పళ్లెం ముందు కాదు. మీ పండుగకు వాళ్లను పిలిచినప్పుడు వాళ్లకూ ఏదో ఒక పని చెప్పండి.

పండుగ ఒక్క మతానికే చెంది ఉండాలని కూడా లేదు. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున వచ్చే నౌరోజ్, అంటే ఇరానీల కొత్త సంవత్సరం, ప్రాచీన ఇరాన్ మతస్థులైన జొరాస్ట్రియన్ల నాటిది. ఇప్పుడు ముస్లింలు, యూదులు, బహాయీలు కూడా చేసుకుంటారు. 2016లో 12 దేశాలు కలిసి దాన్ని తమ ఉమ్మడి వారసత్వంగా యునెస్కో జాబితాలో చేర్పించాయి. ఆ కాగితం మీద భారత్, పాకిస్తాన్ రెండూ ఉన్నాయి.

ప్రశ్న: మీరు ఎంత చెప్పినా, ఊరేగింపు వచ్చిందంటే మా వీధిలో గొడవే. కలపడం మాట దేవుడెరుగు, తలుపులు వేసుకుంటాం.

జవాబు: మీరన్నది నిజం. ‘మనం’ అన్న భావన గట్టిపడే చోటే ‘వాళ్లు’ అన్నదీ గట్టిపడుతుంది. నార్తర్న్ ఐర్లండ్‌లో జూలై ఊరేగింపుల మీద ఏళ్ల తరబడి కొట్లాటలు జరిగాయి. ఊరేగింపు వాళ్లది ప్రొటెస్టెంట్ సంఘం, అది వెళ్లే కొన్ని వీధులు కాథలిక్కులవి. 1998లో దీనికోసమే ఒక కమిషన్ పెట్టారు. ఊరేగింపు తీసేవాళ్లు 28 రోజుల ముందు దారి వివరాలు ఇవ్వాలి. దారి మీద, వాయిద్యాల మీద కమిషన్ షరతులు పెట్టవచ్చు. అందరూ సంతోషించారని చెప్పను. అయినా వీధిలో ఉండేవాళ్ల మాటకు ఒక చోటు దొరికింది. మీ వీధి పెద్దలు చేయగలిగిందీ అదే. పండుగ ముందు రోజు కాదు, నెల ముందు, రెండు వర్గాలవాళ్లూ కూర్చుని దారి, వేళ, మైకు సంగతి తేల్చుకోవాలి. ‘మేం వస్తున్నాం’ అని చెబితే అది సమాచారం. ‘ఎటు రమ్మంటారు’ అని అడిగితే దాన్ని పిలుపు అనవచ్చు.

ప్రశ్న: మాది మతాంతర వివాహం. పాపకు నాలుగేళ్లు. మా పండుగే అసలు పండుగ అన్నట్టు రెండువైపులా పట్టుదలగా ఉన్నారు. రెండూ కలిపి ఇంట్లో ఒకటే చేసుకుంటే?

జవాబు: కలగాపులగం చేయకండి, రెండూ చప్పబడతాయి. ఎవరి పండుగను వాళ్ల ఇంటివాళ్లే పెద్దరికంగా నడపాలి. రెండోవైపు వాళ్లకు అందులో ఒక పని ఉండాలి. నాలుగేళ్ల పిల్లకు నానమ్మ, అమ్మమ్మ ఇద్దరూ ఉండటం అయోమయం కానప్పుడు రెండు పండుగలు మాత్రం ఎందుకవుతాయి?

తేదీల సంగతి మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి. మీవి ఏ పండుగలో మీరు రాయలేదు, ఉదాహరణకు రంజాన్, ఈస్టర్ అనుకుందాం. రంజాన్ ఏటా కిందటేటి కంటే దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది. సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. అంటే ఏదో ఒక ఏడు రెండు పండుగలు ఒకే వారంలో పడతాయి. ఆ ఏడు ఎవరింటికి ముందు వెళ్లాలో, ఇద్దరి కోపాలూ చల్లగా ఉన్న ఇవాళే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నాన్న పోయి ఆరు నెలలు. ఈసారి పండుగ వద్దంటోంది అమ్మ. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మ మాటే మొదటి మాట. అయితే పండుగ చేసుకోకపోవడం వేరు, ఎవరికి వారు విడిగా ఉండిపోవడం వేరు. పండుగ లేకపోయినా అందరూ వెళ్లండి.

జపాన్‌లో ఓబాన్ అని పోయినవాళ్ల పండుగ ఉంది. చాలాచోట్ల ఆగస్టు మధ్యలో వస్తుంది. పట్నాల్లో ఉన్నవాళ్లు సొంతూళ్లకు వెళ్లి సమాధులు శుభ్రం చేస్తారు. పోయినవాళ్లకు దారి తెలియడానికి ఇంటి ముందు చిన్న మంట వేస్తారు. ఇంట్లో ఎవరైనా పోయాక వచ్చే మొదటి ఓబాన్‌ను ప్రత్యేకంగా చూస్తారు. తెల్లని లాంతరు వేలాడదీస్తారు, బంధువులు తప్పకుండా వస్తారు. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో ఇంట్లోనే పీట అలంకరించి, పోయిన మనిషి ఫొటో, ఇష్టమైన వస్తువులు పెట్టి బంతిపూలు పరుస్తారు. ఏడవడానికీ నవ్వుకోవడానికీ రెండింటికీ అక్కడ చోటుంటుంది.

పండుగనాడు మీ నాన్నగారు చేసే పని ఏదో ఒకటి ఉండి ఉంటుంది. దీపం వెలిగించడమో, పిల్లలకు డబ్బులివ్వడమో, అందరినీ కేకలేసి లేపడమో. ఆ పని ఈసారి ఎవరు చేస్తారో ముందే అనుకోండి. అనుకోకపోతే ఆ వేళకు అందరూ ఆ ఖాళీ వైపే చూస్తారు. ఎవరు చేయాలో అమ్మనే అడగండి. మనవడి పేరు చెబుతుందేమో, తనే చేస్తానంటుందేమో.

ప్రశ్న: పండుగ అయిపోయినా మా చుట్టాలు కదలరు. సున్నితంగా చెప్పే మార్గం ఉందా?

జవాబు: పిలిచేటప్పుడే తిరుగు టికెట్ మీరే కొంటామనండి, అందులో మర్యాదా ఉంది, తేదీ కూడా ఉంటుంది. ఇరానీలు ఇంకా తెలివైనవాళ్లు. నౌరోజ్ పదమూడో రోజున ఇల్లు వదిలి అందరూ తోటలకూ ఏటి ఒడ్డులకూ వెళ్లి గడపాలని ఆచారం పెట్టుకున్నారు. దాంతో పండుగ పూర్తి. బయటికి తీసుకెళ్లి, అటునుంచి అటే స్టేషన్‌లో దింపవచ్చు. చైనాలో మాత్రం కొత్త సంవత్సరానికి వెళ్లి వచ్చే ప్రయాణాల కాలమే 40 రోజులు. ఈ సంగతి మీ చుట్టాల చెవిన పడనివ్వకండి.